వెల్లకిలా

దగ్గరికి జరగండి. అమ్మా, మీరు కూడా. శ్రీకూర్మనాథుడికి దండం పెట్టుకుని మొదలుపెడుతున్నాను. ఆ స్వామి రూపానికి మేం చేసిన అపచారం ఇది.

నాది టెక్కలి. నిరుడు మాఘంలో కొత్తగా కెమెరా కొన్నాను. నేర్పింది మా ధనుంజయ బావ. భావనపాడు తీరంలో ఇసుక మీద పాకే ఊదాపూల తీగని నేను నిలబడి ఫొటో తీస్తుంటే నవ్వాడు.

"పైనుంచి తీత్తే పువ్వు నెత్తి తప్ప ఏటి అవుపడతాది బావా? పొట్ట ఇసకకి ఆనించు. కెమెరా పువ్వు కంటే కిందికి దించు. అప్పుడు సూడు."

నిజమే. బోర్లా పడుకుని చూస్తే ఎర్రపీత ఏనుగంత కనబడింది. నాకు పిచ్చి పట్టింది. పలాసలో ఫొటోల పోటీ ఉందన్నారు. ఎలాగైనా గెలవాలనుకున్నాను.

మర్నాడు తెల్లవారుజామున తాబేలు కనబడింది. గుడ్లు పెట్టి, గొయ్యి కప్పి, సముద్రం వైపు తిరిగింది. నీచు వాసన. కళ్ళ నుంచి నీరు. వెలుతురు రావడానికి ఇంకా గంట ఉంది.

"ఎల్లిపోతాది బావా," అన్నాను. ఆ మాట అన్నది నేనే.

"తిరగేసి ఉంచుదాం. ఎండొచ్చాక ఫొటో తీసి ఒగ్గేత్తాం."

పడవ దగ్గర వల సర్దుతున్న పోలారావు గబగబా వచ్చాడు. "ఒద్దు బాబూ. మా వల్లో పడితేనే పసుపు రాసి, దండమెట్టి ఒగ్గేత్తాం. ఎల్లకిలా ఏత్తే దానికి ఊపిరాడదు."

"గంటే కదా మావా. నీ వల నువ్వు సూసుకో," అన్నాడు బావ.

చెరో పక్కన పట్టి తిరగేశాం. రెక్కలు డిప్పకేసి కొట్టుకున్నాయి. టప్... టప్... ఆ రోజు మంచు విడవలేదు. ఎండ వచ్చేసరికి ఎనిమిదయింది. ఆ చప్పుడు ఎప్పుడు ఆగిందో మేం గమనించలేదు.

చచ్చినదాన్నే బోర్లా తిప్పాం. మెడ కింద ఇసుక ఎత్తు పెట్టాం. కెమెరా నేలకి ఆనించి తీశాను. దాని కంట్లో సూర్యుడు మెరిశాడు. ప్రాణంతో ఉన్నట్టే ఉందన్నారు అందరూ. మొదటి బహుమతి ఇచ్చారు.

తాబేలు గుడ్లు పెట్టిన యాభయ్యో రోజు బావ ఫోన్ చేశాడు. "రేపు గుడ్లలోంచి పిల్లలు పైకొత్తాయి. నీ కెమెరా నా కాడే ఉంది, ముందెల్తాను. నువ్వు తొలి బస్సుకి వచ్చీ."

నేను వెళ్ళేసరికి తూర్పు తెల్లబడుతోంది. గుడ్ల గొయ్యి పక్కన బావ వెల్లకిలా ఉన్నాడు. కాళ్ళూ చేతులూ గాలిలో కొట్టుకుంటున్నాయి. మీద బరువేమీ లేదు. కట్లేమీ లేవు.

"తిరగెయ్..." గొంతులోంచి గాలే వచ్చింది. "బావా... తిరగెయ్..."

భుజం కింద చేతులు పెట్టాను. కదల్లేదు. పోలారావు వచ్చి పట్టాడు. ఇసుకలో కూరుకుపోయిన పడవలా... కదల్లేదు. బావ మెడ సాగింది. కళ్ళ నుంచి నీరు కారింది. నారాయణ, నారాయణ అంటూనే ఉన్నాను.

ఎండ వచ్చింది. చేతులు ఆగిపోయాయి.

అప్పుడు చూశాం. గొయ్యిలోంచి పిల్లల జాడలు, వందకు పైనే. ఒక్కటీ నేరుగా సముద్రానికి పోలేదు. అన్నీ బావ దగ్గరికి వచ్చి, చుట్టూ తిరిగి, ఆ తరవాతే నీళ్ళలోకి పోయాయి.

పోలారావు ఇంటికెళ్ళి పసుపు తెచ్చి, బావ నుదుటికి రాశాడు.

కెమెరా ఇసుకలో దొరికింది. నిండా బావ ఫొటోలే. నేలకి రెండు వేళ్ళ ఎత్తు నుంచి, సముద్రం వైపు నుంచి తీసినవి. చివరిది మాత్రం ఇసుకలోది కాదు. టెక్కలిలో మా ఇల్లు. నేల మీంచి పైకి చూస్తూ తీశారు. మంచం మీద వెల్లకిలా నేను. తెరిచిన నా కంట్లో సూర్యుడు.

అమ్మా, నేను పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ వెల్లకిలా పడుకోలేదు. ఆ ఫొటో చూసినప్పటి నుంచి పడుకోవడమే మానేశాను. గోడకి ఆనుకుని, కూర్చునే కునుకు తీస్తాను.

ఈ వేళ మెలకువ వచ్చేసరికి వెల్లకిలా ఉన్నాను. మెడ కింద ఎవరో తడి ఇసుక ఎత్తు పెట్టారు...