ఈల మామ మీటర్

ఆ పంపుగది పేరెత్తితే మా ఇంట్లో గొంతులు తగ్గిపోయేవి. వీధుల్లోని మురుగంతా వచ్చిపడే తొట్టి పక్కన, నలభై మెట్ల కింద ఉంటుందది. పగలైనా రాత్రైనా అక్కడ ఒకటే చీకటి. నాన్నతో పనిచేస్తూ ఏడాది కింద అందులోనే పోయిన ఈల మామ ఇంకా డ్యూటీ దిగలేదని అందరి నమ్మకం.

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం మా పిన్ని చెప్పింది. ఆవిడకి అబద్ధం చెప్పడం రాదు. తిట్టాలనుకుంటే మొహం మీదే తిడుతుంది.

ఆ మురుగులోంచి కుళ్ళిన గుడ్ల వాసనతో విషవాయువు వస్తుంది. కాసేపటికి ముక్కు మొద్దుబారి వాసనే తెలీదు. అందుకని దిగే ప్రతివాడూ గుండె మీద అగ్గిపెట్టెంత మీటర్ తగిలించుకుంటాడు. దాని మీద విషం అంకె పది దాటితే అది కూస్తుంది. ఆరునెలలకోసారి ఆ మీటర్లని తన ఆఫీసుకి తెప్పించుకుని, సరిచేసి, చీటీ అంటించి పంపడం మా పిన్ని ఉద్యోగం.

ఈల మామది మాత్రం కింద మేకుకే వేలాడుతుండేది, ఛార్జింగ్ వైరుతో సహా. దాన్ని ముట్టుకోవడానికి గుండెలుండాలిగా!

ఎందుకంటే... మిగతా మీటర్లన్నీ గమ్మునుంటే, అదొక్కటే కూసేది. రోజూ కాదు. ఉండుండి — కీ... కీ... కీ...

ఓ సాయంత్రం పంపుగది సూపర్‌వైజర్ పిన్నికి ఫోన్ చేశాడు. రాత్రికి తొట్టి మూత తీసి నలుగురు దిగాలి. ఆ కూత ఆగితే తప్ప దిగమంటున్నారు. వచ్చి దాని నోరు మూయించమన్నాడు. ఆ నలుగురిలో మా నాన్న ఒకడు.

పిన్ని వెళ్ళేసరికి చీకటిపడింది. మెట్ల మీద నాన్న అడ్డం నిలబడ్డాడు.

"వద్దమ్మాయ్..." గుసగుసగా అన్నాడు. "మామ ఊరుకోడు."

"ఊరుకోకపోతే నాలుగు మాటలు నాకే చెప్పమను బావా. బతికున్నప్పుడు బాగానే మాట్లాడేవాడుగా."

దిగారు. పది మెట్లు... ఇరవై... కింద నుంచి వినబడుతూనే ఉంది. కీ... కీ... గదిలో గోడ మీద ఎర్రదీపం వెలుగుతూ ఆరుతూ ఉంది — మామ మీటర్‌దే.

నాన్న గబగబా అరలోంచి తన మీటర్ తీశాడు. బటన్ నొక్కిపట్టాడు. అంకెలు తగ్గి సున్నా అయ్యాయి.

"సున్నా వచ్చింది. తొందరగా కానియ్."

పిన్ని కదల్లేదు.

"ఇక్కడెందుకు నొక్కావు బావా?"

"రోజూ ఇక్కడేగా. ప్లగ్గు ఇక్కడే ఉంది. షిఫ్టు ఎక్కగానే సున్నా వచ్చేదాకా నొక్కి పనిలోకి పోతాం."

ఓరి దేవుడా! పిన్ని ఇక ఆగలేదు. మేకు మీది మీటర్ లాగింది, నాన్న చొక్కా పట్టుకుంది, నలభై మెట్లూ ఎక్కించి గేటు బయట పడేసింది.

బయటి గాలికి మామ మీటర్ కూత ఆపేసింది.

పిన్ని సంచిలోంచి చిన్న సిలిండర్ తీసింది. అందులో విషం సరిగ్గా పాతిక ఉంటుంది. మామ మీటర్‌కి పట్టించింది. ఇరవైనాలుగు. నాన్న మీటర్‌కి పట్టించింది. తొమ్మిది. కూతే లేదు.

"ఆ బటన్ నొక్కడమంటే, ఈ గాలి మంచిదే అని మీటర్‌కి చెప్పడం. మీరు విషంలో నిలబడి చెప్తున్నారు! అది నమ్మింది." పిన్ని నాన్న మీటర్ మీది తన చీటీ చూపించింది. "ఆరేళ్ళుగా నేనూ ఒక్కసారి దిగి చూడలేదు. నాకూ సిగ్గు లేదు."

నాన్న గేటు పట్టుకుని కూలబడ్డాడు.

"మామ మాత్రం మోకాళ్ళ నొప్పులతో పైకొచ్చి, ఇక్కడే నొక్కేవాడు. మేం నవ్వేవాళ్ళం..."

"మరి పోయిన రోజు?"

నాన్న తన మీటర్ వంక చూశాడు.

"తనది ఛార్జింగ్ అయిపోయిందని మేకుకి తగిలించి... నాది పెట్టుకెళ్ళాడు."

ఈలోగా సూపర్‌వైజర్ వచ్చాడు. విన్నాడు. అటూ ఇటూ చూశాడు.

"జరిగిందేదో జరిగిపోయిందమ్మా. గుండెపోటని డాక్టరే రాశాడు. నువ్వు చీటీలు అంటించు, రాత్రికి పని అయిపోవాలి."

"ఒక్క ప్రాణి దిగదు."

"ఉద్యోగం పోతుంది."

"పోతే పోనీ! నాది ఉద్యోగమేగా పోయేది."

దిగాల్సిన నలుగురి మీటర్లూ గేటు దగ్గరే తీసుకుని, వాటి మీది తన చీటీలన్నీ ఆయన ఎదురుగానే గోటితో పీకేసింది. గేటు పక్క బల్ల మీద రిజిస్టర్ తెరిచి రాసింది — ఈ మీటర్లు పనికిరావు, తొట్టిలోకి ఎవరూ దిగకూడదు, ఈ గదిలో పోయిన మనిషి గుండెపోటుతో పోయాడనడం నేను నమ్మను.

సూపర్‌వైజర్ నవ్వాడు. "దీనికి సాక్షి ఎవరమ్మా? దెయ్యమా?"

నాన్న లేచాడు. ఆ గది పేరెత్తితే వణికే మనిషి. పిన్ని చేతిలోంచి పెన్ను తీసుకున్నాడు. 'ఆ రోజు ఆయన పెట్టుకున్న మీటర్ నాది. కిందే సున్నా చేసింది నేనే' అని రాసి, సంతకం పెట్టాడు.