నీలం రంగు పడవ

పొద్దున్నే కాఫీ గ్లాసుతో వరండాలోకి వచ్చిన బెన్హర్ బల్ల ముందు బిగుసుకుపోయాడు. నెలల తరబడి ముక్క ముక్కా అతికించుకున్న రెజిన్ పడవ బొమ్మ నిండా చిక్కటి నీలం రంగు. పోయిన క్రిస్మస్‌కి తలుపులకు వేయగా మిగిలిన ఎనామెల్ పెయింట్! సన్నటి పలకలు, మేకుల గుర్తులు అన్నీ పూడుకుపోయాయి.

"ఎవురు చేసినారీ పని?"

"నేనే అబ్బయ్యా," అన్నాడు తండ్రి పరంజ్యోతి మురిపెంగా. కృష్ణపట్నం రేవులో జీవితమంతా పడవలకు రంగులేసిన మనిషి. "పడవంటే మందంగా పుయ్యాల. ఉప్పుగాలికి ఆగొద్దా?"

"ఇదేమన్నా సముద్రంలోకి పొయ్యే పడవా నాయనా? అంతా నాశనం చేసి పెట్టినావు! చేతకానప్పుడు ముట్టుకోకూడదు!"

పరంజ్యోతి ముఖం వాడిపోయింది. కుడిచేతిని తువాలు కింద దాచుకుని పెరట్లోకి వెళ్లిపోయాడు.

బెన్హర్ విసురుగా థిన్నర్ సీసా అందుకున్నాడు. భార్య ఫ్లోరా లాక్కుంది.

"ఇది పోస్తే రంగుతో పాటు పడవా మెత్తబడిపోద్దని నువ్వే గదా చెప్పినావు? స్పిరిట్‌లో నానబెట్టు. రంగు వదిలించేది మామ మీద అరిచినంత తేలిక కాదు."

మూత ఉన్న డబ్బాలో స్పిరిట్ పోసి పడవను ముంచి, పొయ్యికి దూరంగా వరండాలో పెట్టాడు. సాయంత్రానికి రంగు పొరలుగా లేచింది. చేతులకు తొడుగులు వేసుకుని పాత టూత్‌బ్రష్‌తో నెమ్మదిగా రుద్దసాగాడు.

పడవను తిప్పగానే చెయ్యి ఆగిపోయింది. అడుగున ఇంకా లేవని రంగులో వేలిముద్రలు, ఒకదాని మీద ఒకటి. బొమ్మ జారిపోకుండా గట్టిగా నొక్కిపట్టిన ముద్రలు. పక్కనే వంకరటింకర కుంచె గీతలు. ఒకప్పుడు పడవ పొడవునా తిన్నగా గీత లాగిన చెయ్యి అది.

"నాయన చెయ్యి వణుకుతా ఉందా?" ఫ్లోరాని అడిగాడు.

"ఈస్టర్ నించీ. నీకు చెప్పొద్దన్నాడు. చర్చిలో ప్రభువు బల్లప్పుడు ద్రాక్షరసం గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటా ఉంటే చూడలా?"

చూశాడు. భక్తి అనుకున్నాడు.

బెన్హర్ కళ్లు నిండిపోయాయి. చేతకానప్పుడు ముట్టుకోకూడదని తను అన్నది ఆ చేతిని! ఆ మాట ఏ స్పిరిట్‌కి వదులుతుంది?

అడుగున ఉన్న ముద్రలు మాత్రం రుద్దలేదు. పడవ కడిగి, తుడిచి ఆరబెట్టాక, పెరట్లో నిమ్మచెట్టు కింద ఉన్న తండ్రి ముందుకెళ్లి కూర్చున్నాడు.

"తప్పు నాది నాయనా. మళ్లీ రంగేద్దాం. ఈసారి పల్చగా."

"నా చెయ్యి ఇంక పనికిరాదు అబ్బయ్యా."

"పడవ నేను పట్టుకుంటా. నువ్వు చేతికి చెయ్యి ఆసరా పెట్టుకో."

పరంజ్యోతి కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని కుంచె ముంచాడు. గీత కొంచెం వంకరపోయింది.

బెన్హర్ దాన్ని తుడవలేదు.