తుండుగుడ్డ కింది ధర

సుబ్బన్నశెట్టి కాఫీ గ్లాసు పక్కన పెట్టి, కూతురు అచ్చువేయించి తెచ్చిన కరపత్రాన్ని మరొకసారి చదివాడు. అక్షరాలు శుభ్రంగా ఉన్నాయి. చిత్రమూ అందంగానే ఉంది. ఆయన చూపు మాత్రం అడుగున ఉన్న అంకెల దగ్గర ఆగిపోయింది. ‘కలిమి: అంగడి కంప్యూటరు. ధర రూ. 9,990 మాత్రమే.’

“పుల్లమ్మా, సరుకు చూపకముందే ధర ఊరంతా చాటేది యాడైనా ఉండాదా?” అని వంటింటి వైపు తిరిగి అడిగాడు.

“ఇప్పుడు అదెత్తుకోవద్దండీ,” అంది భార్య, పెనం మీద దోసె తిప్పుతూ. “పాప బస్సు దిగినప్పటి నుంచి అట్లే కూర్చోనుండాది. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకోలేదు.”

శ్రీవాసవి వారి ఒక్కగానొక్క కూతురు. నాలుగేళ్ళ కిందట హైదరాబాదులో మంచి ఉద్యోగం మానుకొని, స్నేహితులతో కలిసి చిన్న కంపెనీ పెట్టింది. తెర మీద తెలుగు కనిపించి, కరెంటు పోయినా బ్యాటరీతో నడిచే కంప్యూటరును అంగళ్ళవారికి చవకగా అందించాలన్నది వారి సంకల్పం. “వ్యాపారం నీవల్ల కాదమ్మా,” అని తండ్రి ఆనాడు తేల్చేశాడు. “లాభం చూసినాకే నీ గడప తొక్కుతా,” అని ఆమె వెళ్ళిపోయింది. ఇన్నాళ్ళకు, లాభాలు వస్తున్నాయని ఫోనులో చెప్పి, కోయిలకుంట్ల వర్తకులకు యంత్రాన్ని చూపించమని కోరింది. ధాన్యం మండీలో ఆయన జీవితమంతా దళారీ పని చేసి కూడబెట్టుకున్నది ఒక్కటే: మాట. వర్తకులు ఈ పూట ఆ మాట మీదనే రాబోతున్నారు.

ఆయన కూతురి ఎదుటికి వచ్చి కూర్చున్నాడు.

“ఈ పెట్టె నీకు ఎంతకు పడిందమ్మా?”

“అది కంపెనీ లెక్క నాయనా. ధర తక్కువుంటే శానా అమ్ముడుపోతాయి. శానా చేస్తే ఖర్చు దిగుతుంది. ఇప్పుడు మార్కెట్టు అట్లుండాది.”

“దిగకముందు ఎంతని అడుగుతాండా.”

“ఇవి నీ తుండుగుడ్డ బేరాలు కావు!” ఆమె గొంతు లేచింది. “ఒకనికి ఒక ధర, ఇంకొకనికి ఇంకొక ధర. నాది అందరికీ ఒకటే.”

మండీలో బేరం కుదిర్చేటప్పుడు చేతుల మీద తుండుగుడ్డ కప్పి, వేళ్ళు పట్టుకొని ధర చెప్పుకోవడం ఆచారం. చుట్టూ ఉన్నవారికి ఏమీ తెలియదు. ఆయన ముఖం వాడిపోయింది.

“ఆ గుడ్డ మోసానికి కప్పలేదమ్మా. ఇంట్లో జబ్బుందని తొందరపడి అమ్ముకునే రైతు కష్టం పదిమంది నోళ్ళలో పడకూడదని కప్పినాము.”

“నన్ను ఒక్కసారైనా నమ్మినావా నాయనా?”

అప్పుడే వాకిట్లో చెప్పుల చప్పుడయింది.

వర్తకులు వచ్చి చాపల మీద కూర్చున్నారు. ఎరువుల అంగడి ఉరుకుందప్ప యంత్రాన్ని తట్టి చూశాడు. “ఏం శెట్టీ, మీ పాప పెట్టె బాకీలు కూడా వసూలు చేస్తాదా?” అందరూ నవ్వారు. అంతలో కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, తెర మాత్రం వెలుగుతూనే ఉంది. నవ్వులు సద్దుమణిగాయి.

“సరుకు బాగుండాది. నువ్వు తీసుకోమంటే తీసుకుంటాం శెట్టీ,” అన్నాడు ఉరుకుందప్ప. “నీ మాటే మాకు పూచీ.”

సుబ్బన్నశెట్టి భుజం మీది తుండుగుడ్డ తీసి, బల్ల మీద ఉన్న కూతురి చేతిపై కప్పి, తన చేతిని దాని కిందికి పోనిచ్చాడు. “చిన్నప్పుడు మండీలో నా పక్కన కూర్చోని నేర్చుకుంటివే. ఎంతకు పడిందో వేలల్లో చెప్పు,” అన్నాడు, ఆమెకు మాత్రమే వినబడేటట్లు.

శ్రీవాసవి చేయి వెనక్కి తీసుకోబోయి ఆగింది. తరువాత ఆయన అయిదు వేళ్ళనూ కలిపి పట్టుకుంది. వదిలి, మళ్ళీ అయిదింటినీ పట్టుకుంది. చివరికి రెండు వేళ్ళు మాత్రం. పన్నెండు.

అమ్మిన ప్రతి యంత్రానికీ రెండువేలకు పైగా నష్టం. లాభాలన్నీ ఫోనులోని మాటలే. ఆయనను క్రుంగదీసింది ఆ నష్టం కాదు; నష్టంతో ఇంటికి రావడానికి బిడ్డకు దారి లేకుండా చేసింది ఆనాటి తన మాటేనన్న ఎరుక.

“ఉరుకుందప్పా, కాగితంలో ధర తప్పు. పదమూడు వేల అయిదు వందలు.”

“ఏమప్పా, కూర్చున్నపాటునే మూడున్నర వేలు పెంచితివే! ఇదేం న్యాయం?”

“నష్టానికి అమ్మేవాడు రేపు అంగడి మూస్తాడు. అప్పుడు పెట్టె చెడిపోతే యాడికి పోతావు? మా పాప వచ్చే ఏడాది కూడా ఉండాలంటే ఇదే ధర. అందరికీ ఒకటే, గుడ్డ కింద బేరం లేదు.”

సగంమంది గొణుక్కుంటూ లేచిపోయారు. ఉరుకుందప్ప అలవాటు కొద్దీ కాసేపు గీచి గీచి బేరమాడి, చివరికి, “సరే, బోణీ నాదే,” అన్నాడు. ఆయన తరువాత ఇంకొకరు మాత్రమే ముందుకు వచ్చారు.

ఇల్లు ఖాళీ అయింది. “స్నేహితులకు నేను సర్దిచెప్పుకుంటా నాయనా. ఈ ధరకు కొనేవాళ్ళు తక్కువే. కంపెనీ నిలుస్తుందో లేదో,” అంది శ్రీవాసవి. ఆ పై మాట ఏడుపుతో కలిసి వచ్చింది. “లాభం చూడకుండానే గడప తొక్కినా.”

“గడపకు ఆ లెక్కలెందుకమ్మా,” అన్నాడాయన, అలసిన గొంతుతో. “ఆ మాట నీతో అనిపించింది నేనే.”

పుల్లమ్మ దోసెల పళ్ళెం తెచ్చి బల్ల మీద పెట్టి, ఇద్దరినీ చూసింది.

“బాగుండాది. ఇంక ఆ గుడ్డ తీసి చెయ్యి వదిలితే కదండీ, పాప తినేది!”