హాకర్బీ రన్‌వే మీద రెండు దీపాలు

హాకర్బీ ఊరి చివర యుద్ధకాలం నాటి విమానాల మైదానం ఒకటుంది. యుద్ధం అయిపోయి ఏళ్లు గడిచినా, చీకటి పడ్డాక అటువైపు కుక్క కూడా పోదు.

పగలు ఆ పగుళ్లిచ్చిన రన్‌వే మీద టర్కీ కోళ్లు తిరుగుతాయి. చీకటి పడితే మాత్రం... దీపాలవాడు వస్తాడట. రెండు చేతుల్లో రెండు దీపాలు పట్టుకుని, దిగిన విమానాలకు దారి చూపించిన కుర్రాడట. ఓ రాత్రి వెళ్లిన విమానం ఒకటి తిరిగి రాలేదు. దాని కోసం ఇంకా ఊపుతూనే ఉన్నాడట. చూసిందెవరని అడిగితే, చూసినవాళ్ల పక్కింటివాళ్లు మాత్రమే దొరుకుతారు.

రొట్టెల బండి నడిపే సిరిల్ గాదర్‌కోల్ ఇదంతా నమ్మనని గురువారం గురువారం పబ్బులో బల్ల గుద్ది చెప్పేవాడు. చెప్పి, రన్‌వే అడ్డదారి వదిలి, చుట్టూ తిరిగి పెద్దరోడ్డు మీదే ఇంటికి పోయేవాడు.

అతని అసలు భయం వేరు. ఏడాదిగా కళ్లు మసకబారుతున్నాయి. బేకరీ యజమానికి తెలిస్తే బండి తాళాలు లాక్కుంటాడు. భార్య మ్యూరియల్‌కి కూడా చెప్పలేదు.

ఆ నవంబరు గురువారం టీ వేళకే చీకటి పడింది. పైగా పొగమంచు. పెద్దరోడ్డు మీద ఓ లారీని వెంట్రుకవాసిలో తప్పించుకున్నాక సిరిల్ బండి పక్కకి తీసి ఆపాడు. రన్‌వే మీదైతే గుద్దడానికి ఎవరూ ఉండరు కదా అని బండి అటు తిప్పాడు.

సగం దూరం పోయాడో లేదో...

ఎదురుగా — రెండు పసుప్పచ్చ దీపాలు. మనిషెత్తున. మెల్లగా పైకి లేచాయి. దిగాయి. మళ్లీ లేచాయి... రా, రా అన్నట్టు.

సిరిల్ బ్రేకు తొక్కాడు. దీపాల అవతల ఏదో మూలిగింది. దగ్గింది. ఆగింది. మళ్లీ మూలుగుతూ — దగ్గరికొస్తోంది.

ఇన్నేళ్లూ రాని విమానం ఇవాళే రావాలా, అదీ నా నెత్తి మీదికే రావాలా అనుకున్నాడు. పక్కనున్న రొట్టెల బుట్ట తీసి నెత్తిన బోర్లించుకున్నాడు.

దీపాలు రెండూ పైన అడ్డంగా కలిశాయి. ఆగు అని.

మూలుగు ఆగింది. దీపాలూ ఆరిపోయాయి. మంచులోంచి ఓ చిన్న కారు ముక్కు బయటికొచ్చి, బండికి జానెడు దూరంలో నిలిచింది.

"సిరిల్?" మ్యూరియల్ గొంతు. "నెత్తిన ఆ బుట్టేమిటి?"

"నువ్వా... ఆ కారెవరిది?"

"మా తమ్ముడిది. నడపడం నేర్చుకుంటున్నా, గురువారం గురువారం. వచ్చే వారమే పరీక్ష."

"నీకెందుకిప్పుడు?"

"మొన్న కొక్కేనికి తగిలించిన కోటుకి 'శుభ సాయంత్రం, ఫాదర్' అన్నావు. నీ కళ్ల సంగతి నాకు తెలీదనుకున్నావా? బండి నేను నడుపుతా, రొట్టెలు నువ్వు దింపు. మీ యజమానికి కావలసింది రొట్టెలు చేరడమేగా."

ఏడాదిగా గుండెల మీదున్న బరువు దిగిపోయి, సిరిల్‌కి ఏడుపొచ్చినంత పనైంది.

"నువ్వూ తక్కువ తిన్లేదులే," అంది మ్యూరియల్ నవ్వుతూ. "గురువారాలు నువ్వు ఇంటికి ఆలస్యంగా ఎందుకొస్తున్నావో కనిపెట్టలేననుకున్నావా? పలకరిస్తే మంచులోకి తప్పుకునేవాడివి. అయినా ఎంత ఓపిగ్గా నేర్పావు... ఇంతకీ దీపాలెక్కడ పెట్టావు?"

"ఏ దీపాలు?"

"నా ముందు నిలబడి ఊపుతావే. అవి చూసేగా ఆగడం నేర్చుకున్నాను."

సిరిల్ బుట్ట కిందికి దించాడు. "మ్యూరియల్," అన్నాడు మెల్లగా, "నేను ఈ దారిన రావడం ఇదే మొదటిసారి."

ఇద్దరూ ఒకేసారి తల తిప్పి చూశారు.

పక్కన, మంచులో... రెండు దీపాలు లేచి, ఊరి వైపు ఊగాయి. పోవచ్చు అని.

"ఎక్కు," అంది మ్యూరియల్ గుసగుసగా.

"మరి బండి?"

"రేపు పగలు చూద్దాం. ఎక్కు."

ఈసారి కారు ఒక్కసారైనా దగ్గలేదు. మలుపు తిరిగేటప్పుడు మ్యూరియల్ పళ్లు టకటకలాడుతుండగానే కిటికీ అద్దం దించి, చెయ్యి బయటపెట్టి ఊపింది.

"ఎవరికే అది?" అన్నాడు సిరిల్.

"దారిచ్చినవాళ్లకి చెయ్యి ఊపొద్దూ మరి," అంది మ్యూరియల్.