కాలువ కట్టేలోపు

స్కూటీ లైటు ఆర్పేసింది వినీల.

చీకట్లో, కాలువ గట్టు మీద, బండి దూసుకుపోతోంది. వెనక సీట్లో ఆమె తల్లి హెప్సిబా. ఒక చేత్తో కూతురి నడుం పట్టుకుంది. రెండో చేతిలో కూల్‌డ్రింక్ సీసా. సీసాలో నల్లటి నీళ్ళు.

వెనక బొలెరో... దగ్గరవుతోంది!

"లైటు వెయ్యవే. కాలవలో పడతాం."

"వేస్తే కనపడతాం."

"పడితే చస్తాం."

"కనపడినా అంతేనమ్మా. గట్టిగా పట్టుకో."

వినీల విలేకరి. విజయవాడలో సొంతంగా ఒక యూట్యూబ్ న్యూస్ ఛానెల్ నడుపుతోంది. తల్లిని వెంట రావద్దంది. హెప్సిబా వినలేదు. ఒక్కదాన్నే పంపితే శవమై వస్తుందని ఆమె భయం. ఇద్దరూ వెళితే రెండు శవాలవుతాయని ఇప్పుడు తెలుస్తోంది.

కుడి పక్క చెరకు తోటలు. వాటి వెనక గ్రాన్‌మార్క్ ఫ్యాక్టరీ. విదేశీ కంపెనీ. వాళ్ళ దేశంలో నిషేధించిన పురుగుమందుని ఇక్కడికి తెచ్చి వండుతోంది. లాభం సముద్రం దాటుతుంది. మురుగు మాత్రం ఇక్కడే ఉంటుంది.

రేపు కాలువ కట్టేస్తారు. ఇక వేసవంతా చుక్క రాదు. అందుకే ఈ రాత్రి ఊళ్ళన్నీ మంచినీళ్ళ చెరువులు నింపుకుంటున్నాయి. తూములన్నీ తెరిచే ఉన్నాయి.

ఏటా లాగే, సరిగ్గా ఈ రాత్రే కంపెనీ దొంగ పైపు విప్పింది!

నిండు కాలువలో కలిపేస్తే ఎవరికీ కనపడదని ధైర్యం. ఆ పైపుని వినీల వీడియో తీసింది. ఆ నీళ్ళనే సీసాలో పట్టింది.

హెప్సిబా పళ్ళు నూరుకుంటోంది. ఆమె భర్త పాల్ ఈ నీళ్ళే తాగాడు. రెండు కిడ్నీలూ పోయాయి. అతను పోయిన రోజు కంపెనీ వాళ్ళు పూలదండ పంపారు.

పూలదండ!

ఎదురుగా ఒక్కసారిగా వెలుగు. వంతెన మీద ఇంకో జీపు. అడ్డంగా.

వినీల బ్రేకు నొక్కింది. స్కూటీ జారింది... గట్టు దిగింది... చెరకులోకి దూరి పడిపోయింది. హెప్సిబా మోకాలు రాయికి కొట్టుకుంది. చీర కొంగు నోట్లో కుక్కుకుంది. సీసా మాత్రం వదల్లేదు.

పైన గట్టు మీద బొలెరో ఆగలేదు. వంతెన దాకా పోయింది.

చెరకు ఆకులు మొహాలు కోస్తున్నాయి. ఇద్దరూ నేలకి అతుక్కుపోయారు.

"ముందే వచ్చి కాసుక్కూచున్నారు," వినీల గుసగుసలాడింది. "ఈ దారి వాళ్ళకెలా తెలుసు? నేనెవరికీ చెప్పలేదు."

హెప్సిబా కూతురి చెయ్యి పట్టుకుంది.

"నేను చెప్పానే."

"ఎవరికి?"

"దేవుడికి."

వినీల చీకట్లోనే తల్లి వైపు తిరిగింది.

"మధ్యాహ్నం చర్చిలో ఉపవాస ప్రార్థనలో... ప్రార్థన మనవులు అడిగారు. లేచి చెప్పాను. మా అమ్మాయి పొద్దుగూకాక ఫ్యాక్టరీ వెనక కాలవ గట్టుకి వెళ్తోంది, కాపాడమని ప్రార్థించండీ అని."

"మైకులోనా?"

"మైకిచ్చారు మరి."

"దేవుడికి చెప్పడానికి మైకెందుకమ్మా... ఆయనకి చెవుడా?"

హెప్సిబా పదిమంది ప్రార్థిస్తే పిల్ల క్షేమంగా వస్తుందనుకుంది. అంతే.

"ఎవరెవరున్నారు?"

"ఆడవాళ్ళందరూ ఉన్నారు. కృప కూడా."

"యేసుకుమార్ పెళ్ళామా? ఫ్యాక్టరీ సెక్యూరిటీ ఆఫీసర్ పెళ్ళామా?"

"నా చేతులు పట్టుకుని ఏడ్చిందే పాపం."

"ఏడ్చి, ఇంటికెళ్ళి మొగుడికి చెప్పింది."

గట్టు మీద టార్చి లైట్లు కదిలాయి. వెనక్కి వస్తున్నారు!

హెప్సిబా సీసాని కూతురి బ్యాగులో దూర్చింది.

"తోటకి అవతల రోడ్డు. బందరు నుంచి బెజవాడ బస్సొచ్చే వేళ. పరిగెత్తి ఎక్కెయ్."

"నువ్వో?"

"మోకాలు లేవట్లేదు. నన్ను మోసుకుంటూ ఎక్కడికి పోతావ్? నేను కనపడితే ఇక్కడే వెతుకుతారు."

"అమ్మా..."

"నా మాట విని ఎన్నాళ్ళయిందే నువ్వు? ఈ ఒక్కసారి విను."

వినీల కళ్ళు తుడుచుకుంది. "నేనెటు పోయానో ఎవరికీ చెప్పకు. ప్రాణం పోయినా సరే. మీ సంఘంలో ఎంత పెద్దమనిషి అడిగినా సరే."

చెరకు కదిలింది. పిల్ల మాయమైంది.

హెప్సిబా పాక్కుంటూ బండ్ల బాట మీదికి వచ్చింది. చేతికందిన కొమ్మ ఊతంగా లేచి నిలబడింది.

కారు లైట్లు. కళ్ళు చెదిరాయి.

తెల్ల కారు. ఆమెకి బాగా తెలిసిన కారు!

దిగిన మనిషిని చూసి ఆమెకి ఏడుపొచ్చింది. సొలొమోను గారు. సంఘ పెద్ద. మధ్యాహ్నం ముగింపు ప్రార్థన చేసింది ఆయనే.

"వందనాలమ్మా హెప్సిబా. అయ్యో, దెబ్బ తగిలిందా? మనసాగక బయల్దేరి వచ్చేశాను. కారెక్కు. అమ్మాయేదీ?"

నాలుక చివరిదాకా వచ్చింది నిజం. ఈయన దగ్గర ఆమె ఏనాడూ అబద్ధమాడలేదు. పాల్ శవపెట్టె మోసిన మనిషి.

కానీ ఎవరికీ చెప్పొద్దంది పిల్ల.

"పామర్రు వైపు పోయిందండీ. ఎవరిదో బండెక్కి."

పెద్దాయన తల ఊపాడు. జేబులోంచి ఫోన్ తీశాడు.

"యేసుకుమార్... పామర్రు రోడ్డు చూడు."

హెప్సిబా ఊతకొమ్మని గట్టిగా పట్టుకుంది.

చెప్పింది కృప కాదు...

"మీరాండీ?"

"మందిరం శ్లాబు ఎవరు వేయించారనుకున్నావమ్మా? ఆ ఏసీలు ఎవరిచ్చారు? సంఘం బాగు కూడా చూడాలి కదా."

"మన ఊరి చెరువు నీళ్ళే బాప్తిస్మం తొట్టిలో పోస్తారు కదండీ. పిల్లల్ని నిలువునా ముంచి లేపుతారు కదండీ అందులో."

పెద్దాయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"మీ ఇంట్లో వాళ్ళు తాగరాండీ ఆ నీళ్ళు?"

"మేం టిన్ను నీళ్ళమ్మా."

ఎంత మామూలుగా అన్నాడు! కూరలో ఉప్పు తగ్గిందన్నట్టు. హెప్సిబాకి భయం పోయింది. మోకాలి నొప్పీ తెలియలేదు. ఒళ్ళంతా మంట. పాల్ ఆఖరి రోజుల్లో నీళ్ళడిగి ఏడ్చేవాడు. డాక్టరు గుక్కెడు మించి వద్దనేవాడు. ఈయన మంచం పక్కన కూచుని వాక్యం చదివేవాడు. అంతా తెలిసే చదివాడు!

బొలెరో వచ్చి ఆగింది. యేసుకుమార్ దిగాడు. చేతిలో తుపాకీ.

"పామర్రు రోడ్డు మీద పురుగు కూడా లేదండీ."

పెద్దాయన హెప్సిబా వైపు చూశాడు. 

"అబద్ధం చెప్పావా నాకు?"

"మీ దగ్గరే నేర్చుకున్నానండీ. ఇప్పుడే."

యేసుకుమార్ తుపాకీ ఆమె కణతకి ఆనించాడు. గొట్టం చల్లగా ఉంది.

"మీ మీద నాకేం కోపం లేదు ఆంటీ. ఉద్యోగం. పిల్లని వెనక్కి పిలవండి, సీసా ఇచ్చేస్తే ఇంటి దగ్గర దింపేస్తాం."

ఆమె జాకెట్టులోంచి ఫోను లాక్కుని పెద్దాయనకిచ్చాడు. పెద్దాయన వినీల నంబరు నొక్కాడు. స్పీకర్ పెట్టాడు. ఫోను ఆమె నోటి ముందు పట్టుకున్నాడు.

మోగుతోంది... మోగుతోంది...

ఎత్తకే. తల్లీ, ఎత్తకు.

ఎత్తింది.

వెనక బస్సు చప్పుడు. కండక్టర్ ఉయ్యూరు, ఉయ్యూరు అని అరుస్తున్నాడు.

"అమ్మా? ఎక్కడున్నావ్?"

"రమ్మను," పెద్దాయన పెదవులు కదిపాడు.

హెప్సిబా నోరు తెరిచేలోపు వినీలే అంది:

"అమ్మా, పక్క సీటావిడ ఫోన్లో నా ఛానెల్ లైవ్ పెట్టాను. పైపు వీడియో చూపిస్తున్నాను. నువ్వు మాట్లాడేది అందరూ వింటున్నారు."

పెద్దాయన ఫోన్‌ని తన గుండె దగ్గరికి లాక్కున్నాడు. ఫోన్ కట్ చెయ్యాలన్న సంగతే మర్చిపోయాడు.

హెప్సిబా గుండె నిండా గాలి పీల్చింది.

"అయ్యా, అమ్మా... నా పేరు హెప్సిబా. గ్రాన్‌మార్క్ వెనక బండ్ల బాట మీదున్నాను. నా కణతకి తుపాకీ పెట్టింది కంపెనీ సెక్యూరిటీ ఆఫీసరు యేసుకుమార్. ఫోన్ పట్టుకున్నది మా సంఘ పెద్ద సొలొమోను గారు. కాలవలో విషం వదిలారు. మీ చెరువుల తూములు దించేయండి. ఇప్పుడే దించేయండి. ఆ నీళ్ళు పిల్లలకి పట్టకండి..."

"ఆపు," అన్నాడు యేసుకుమార్.

ఆమె ఆపలేదు.

తుపాకీ కణత మీంచి లేచింది. ఫోన్ వైపు తిరిగింది.

ఫోన్ పెద్దాయన చేతిలో, ఆయన గుండెకి ఎదురుగా ఉంది.

"ఒరేయ్, ఆగరా..."

పేలింది!