ఆరు గంటల ప్లానింగ్

2008 వేసవిలో, పట్టపగలు, టెక్కలి బస్సులో ఈశ్వరరావును చంపేశారు. కిటికీ పక్కన కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు పాపం. కండక్టరు భుజం తడితే ఒరిగిపోయాడు. పడవల రిజిస్ట్రేషన్లన్నీ ఉండే వెబ్‌సైటుకి ఇంజనీరతను.

“ఎల్లుండి ఆ డేటాబేస్‌ని కొత్త సర్వర్‌కి మారుస్తున్నారు,” అన్నాడు చీఫ్ శాటిలైట్ ఫోన్లో, ఏజెంట్ కృష్ణవేణితో. “ముందు ప్లానర్ అనే ప్రోగ్రాం నడవాలి. ఏ మార్పు తర్వాత ఏది చెయ్యాలో అదే తేలుస్తుంది. ఆరు గంటలు! అంతసేపూ పడవల చెకింగ్ బంద్. సరిగ్గా అప్పుడే విదేశీ ముఠా బోటు పేలుడు సామానుతో భావనపాడు రేవు చేరుతుంది.”

“వాయిదా వేయిస్తే?”

“ఇంకో రేవు చూసుకుంటారు. బోటు మనకి దొరకాలి. ప్లానింగ్ తగ్గించు.”

అలా కృష్ణవేణి పలాసలో జీడిపప్పు ఏరే కూలిమనిషి వేషం కట్టింది. క్యారేజీ అడుగుగిన్నెలో బుల్లి కంప్యూటరు. ఆ ఫ్యాక్టరీ మేడమీదే ప్రమోదిని ఆఫీసు. డేటాబేస్ మార్చే కాంట్రాక్టు ఆ మహాతల్లిదే. పట్టుచీర, నల్లకళ్లద్దాలు, నవ్విందంటే ఎంతటివాడైనా నమ్మేస్తాడు. పేరుకి మన ఏజెంటు, పని ముఠాకి.

ముఠా చీటీలేమైనా దాచారేమోనని కృష్ణవేణి ఒక డబ్బా సీలు విప్పిందో లేదో, మేస్త్రీ నూకరత్నం మీదపడిపోయింది.

“ఏటే, నీ మొకం మండ! సీలేసిన డబ్బా ఇప్పుతావేటి? అందులోవి ఏరీసినాం కదా! ఏరినవే మళ్లీ మళ్లీ ఏరితే లారీ ఎప్పుడెల్తాది? కొత్త తట్ట సూడు!”

తిట్టు గట్టిగానే తగిలింది. కానీ ఈశ్వరరావు తన పాస్‌వర్డ్‌తో పాటు చీఫ్‌కి పంపిన ఆఖరి మెసేజ్ అప్పుడర్థమైంది: ‘పాతవన్నీ చదువుతోంది.’ ఎనిమిదేళ్లలో చేసిన నాలుగువేల మార్పులనూ ప్లానర్ ప్రతిసారీ మొదట్నుంచీ విప్పి చూస్తోంది. ప్రమోదిని అలా పెట్టించింది. డేటాబేస్ ఇవాళ ఎలా ఉందో ఒక్క స్నాప్‌షాట్ తీసి సీలేస్తే, చూడాల్సిన కొత్త మార్పులు పదకొండే!

మర్నాడు పొద్దున్న ప్లానర్ మొదలైంది. బోటు రేవుకి పది నిమిషాల దూరంలో ఉంది. కృష్ణవేణి క్యారేజీ, టీగ్లాసుతో మేడెక్కి, ఖాళీ కుర్చీ చూసి, బుల్లి కంప్యూటరు నుంచి సర్వర్‌కి వైరు తగిలించి, పాతవి వదిలేసి స్నాప్‌షాట్ ఒక్కటే చూడమని ప్లానర్‌కి టైపు చేసింది. కణతకి చల్లగా పిస్తోలు ఆనింది.

“ఎవత్తివే నువ్వు?” అంది ప్రమోదిని.

“కూలిదాన్నమ్మా.”

“కూలిదానికి ఈశ్వరరావు పాస్‌వర్డ్ ఎవడిచ్చాడే? చెయ్యి తియ్యి. వాడి పక్కనే పడుకోబెడతాను.”

కృష్ణవేణి చెయ్యి తీసింది, పొగలు కక్కుతున్న టీతో సహా. అది చేతిమీద పడేసరికి ప్రమోదిని కెవ్వుమంది, పిస్తోలు జారింది. ఎంటర్!

నలభై సెకన్లలో ప్లానింగ్ పూర్తయింది. చెకింగ్ తెరుచుకుంది. భావనపాడులో తీరగస్తీవాళ్లు బోటు నంబరు కొట్టారు. అలాంటి నంబరే లేదు! మొదటి పెట్టె ఒడ్డుకి అందిస్తున్న చేతులకే బేడీలు పడ్డాయి.

“ఆరు గంటలని వాళ్లకి మాటిచ్చాను,” అని పళ్లు నూరింది ప్రమోదిని. “ఇప్పుడేం చెప్పుకోను?”

“అందరూ ఒకే జైల్లోనే ఉంటారు కదమ్మా,” అంది కృష్ణవేణి వైరు చుట్టుకుంటూ. “తీరిగ్గా సెప్పుకోండి. బోలెడు టైముంటాది.”