ఎవరూ ఆగని చోట్లు

“ఈ బండిలోనా మా గెస్టులు పడుకోవాలి? పరుపుకి కూడా జీడిపిక్కల వాసనే!”

కొట్టు ముందున్న వ్యాన్ తలుపు దగ్గర్నుంచి వచ్చిన ఆడగొంతుకి కామేశ్ తలెత్తలేదు. అరచేతిలో పప్పు పోసుకుని రంగు చూస్తున్నాడు. పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసేవాడు సరుకు చేతిలో ఉండగా పక్కచూపు చూస్తే మోసపోతాడని వాళ్ల నాన్న నేర్పిన మొదటి పాఠం.

“ఆ వాసన పడనోళ్లు పలాస రావడం ఎందుకండీ? అరకు ఎల్లొచ్చు కదా.”

“అరకులో చోటు లేదండీ. లోకమంతా అక్కడే ఉంది.”

ఆ ‘అండీ’లోని వెటకారం బాగా తెలిసినది. తలెత్తాడు. పప్పు సగం చేతిలో, సగం నేల మీద.

యామిని.

టెక్కలి కాలేజీలో మూడేళ్లు ఒకే క్లాసు. ఆ తర్వాత ఏడేళ్లు ఒక్క మాట లేదు. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. కళ్లజోడు వచ్చింది. ఎదుటివాణ్ణి తూకం వేసే ఆ చూపు మాత్రం అలాగే ఉంది.

“మా అమ్మ సెప్పింది, తన నేస్తం కొడుకు పాత వ్యాన్‌లో మంచం, స్టవ్వు బిగించి అద్దెకిత్తన్నాడని,” అంది. ఇన్నేళ్లు విశాఖలో ఉన్నా ఊరి యాస వదల్లేదు, లేదా అతని ముందు వదలదలచుకోలేదు. “నువ్వని తెలిసే వచ్చాను. భయపడకు, పని మీదే.”

‘నేస్తం కొడుకు’ అన్న మాట దగ్గర కామేశ్ చేతిలో మిగిలిన పప్పు డబ్బాలో పోసేశాడు. నీళ్లు తాగాడు.

ఆమె పని ఇదీ. విశాఖలో ఓ చిన్న ట్రావెల్ కంపెనీ. నగరాల నుంచి వచ్చేవాళ్లకి సముద్రం కావాలి, చెట్లు కావాలి, జనం మాత్రం ఉండకూడదు. బండిలోనే వంట, బండిలోనే నిద్ర. అలాంటి దారి ఒకటి తేల్చి ఇస్తే ఇక్కడి పని అయిపోతుంది. నెలాఖరుకి ఆమెని గోవా ఆఫీసుకి మారుస్తున్నారు.

“గోవాకా?” అన్నాడు కామేశ్, ఏమీ పట్టనట్టు.

“ఊ. అక్కడే ఉండిపోతాను గావాల. సరే, బారువ బీచ్ పెడదామా?”

“ఆదివారం వత్తే సెల్ఫీ కర్రలు తప్ప సముద్రం కనబడదు.”

“తేలినీలాపురం?”

“పక్షులొచ్చే నెలల్లో స్కూలు బస్సులు కూడా వత్తాయి.”

“అయితే నువ్వే సెప్పు.”

కామేశ్ కౌంటర్ మీద వేలితో దారి గీయడం మొదలుపెట్టాడు. మొదట హరిశ్చంద్రపురం స్టేషను. ప్యాసింజరు వెళ్లిపోయాక ప్లాట్‌ఫాం చివర రావిచెట్టు కింద ఉండే నిశ్శబ్దం. తర్వాత నౌపడ ఉప్పుమడుల గట్టు, ఎండ వాలే వేళ. మూలపేట దాటాక మొగలి పొదల సందులోంచి ఇసుక మీదికి దిగే బండ్ల బాట. అక్కడి నుంచి పైకి ఉద్దానం, జీడితోటల మధ్య మట్టిరోడ్డు.

యామిని చాలాసేపు ఆ వేలినే చూసింది.

“కామేశూ, ఇది రూటా? మన పాత తిరుగుళ్ల సిట్టాయా?”

అతని వేలు ఆగిపోయింది. నిజమే. తనకు తెలియకుండానే గోడౌన్ తాళం తీసి సరుకంతా చూపించేశాడు.

“ఎవరూ ఆగని చోట్లు కావాలన్నావు,” అన్నాడు చివరికి. “అప్పుడు మనకి కావలసినయ్యీ అవే కదేటి? తెలిసినోడు కనబడని చోటు ఎక్కడుందో మూడేళ్లు ఎతికాం. ఈ జిల్లాలో ఆ పని మనకన్నా బాగా ఎవరు సేసినారు?”

యామిని నవ్వు ఆపుకోబోయింది. ఆగలేదు. వెంటనే కళ్లజోడు సర్దుకుని, “రేపొద్దున్న ట్రయల్. ఇద్దరమే ఎల్దామంటే ఊరు ఊరుకోదు. మీ అమ్మని తీసుకురా. మా అమ్మని నేను తెత్తాను,” అంది.

*

కామేశ్ తల్లి దాలమ్మ, యామిని తల్లి ఎర్రమ్మ వెనక మంచం మీద చెరో దిండు ఆనుకుని కూర్చున్నారు. వక్కాకు సంచీ మధ్యలో పెట్టుకున్నారు. బండి పలాస రైలు గేటు దాటకముందే ఇద్దరూ లోకం మర్చిపోయారు.

“సూడే నేస్తం, అన్నా సెల్లీ కలిసి ఎంత ముచ్చటగా బండి తోలుకెల్తన్నారో,” అంది దాలమ్మ.

ముందు సీట్లో కామేశ్ గేరు తప్పుగా వేశాడు. బండి దగ్గింది.

“జాగ్రత్త, అన్నయ్యా,” అంది యామిని తియ్యగా.

ఈ సీమలో నేస్తం కట్టడమంటే ఊరికే స్నేహం కాదు. అమ్మవారి ఎదుట ఇద్దరాడవాళ్లు పూలూ తాంబూలమూ మార్చుకుంటే ఆ పూట నుంచి వాళ్లు అక్కచెల్లెళ్లు. ఒకరి కడుపున పుట్టినవాళ్లు రెండోవారికీ బిడ్డలే. కాబట్టి ఆ బిడ్డలు అన్నాచెల్లెళ్లు. రక్తసంబంధం లేదని వాదించేవాళ్లు ఉండవచ్చు. ఉద్దానంలో మాత్రం ఉండరు.

ఇద్దరు తల్లుల్నీ కలిపింది కామేశే. అతని జీవితంలో అంత పకడ్బందీగా వేసిన లెక్క ఇంకొకటి లేదు, అంత దారుణంగా తప్పిన లెక్కా లేదు.

తిత్లీ తుఫాను వచ్చిన ఏడు అది. ఒక్క రాత్రిలో ఉద్దానం కొబ్బరితోటలు నేలకొరిగాయి. తరాల నాటి జీడిచెట్లు వేళ్లతో లేచిపోయాయి. పలాస వ్యాపారులు ఊళ్లకి బియ్యం పంపుతుంటే, కామేశ్ తన వ్యాన్‌ని కావాలనే యామిని ఊరికి తోలాడు. కావాలనే తల్లినీ ఎక్కించుకున్నాడు. అమ్మ ఆ ఇంటిని చూస్తుంది, ఆ మనుషుల్ని చూస్తుంది, మెచ్చుకుంటుంది. ఆ తర్వాత తను మెల్లగా మాట కదుపుతాడు. అదీ ఎత్తు.

దాలమ్మ మెచ్చుకుంది. మరీ ఎక్కువ మెచ్చుకుంది. ఊరందరికీ కలిపి వండిన పొయ్యి దగ్గర ఎర్రమ్మ పక్కన గరిటె పట్టుకుని నాలుగు రోజులు అక్కడే ఉండిపోయి, బయల్దేరే ముందు అమ్మవారి గుడికెళ్లి నేస్తం కట్టేసుకుంది.

కామేశ్ గుడి మెట్ల దగ్గరే ఉన్నాడు. యామినీ ఉంది. అతను నోరు తెరుస్తాడని ఆమె చూసింది. అతను తెరవలేదు.

ఆ తర్వాత నేస్తం ఇంటి శుభకార్యాలకి తల్లి ఎప్పుడు రమ్మన్నా అతనికి లోడు వచ్చిపడేది.

*

నౌపడలో ఉప్పు కుప్పలు తెల్లగా మెరుస్తున్నాయి. గట్టు మీద బండి ఆపి యామిని స్టవ్వు వెలిగించి టీ పెట్టింది. ఫొటోలు తీసుకుంది. పక్క సీటు ఎంత సేపు ఖాళీగా ఉందో కామేశ్‌కి మాత్రమే తెలుసు.

మూలపేట దాటాక మొగలి పొదల బాట కోసం రెండుసార్లు అటూ ఇటూ తిరిగారు. పోర్టు పనుల కోసం వేసిన వెడల్పాటి రోడ్డు మీద లారీలు దుమ్ము లేపుతున్నాయి. పాత బాట లేదు.

“పోయింది,” అంది యామిని.

“పొదలు పోయినా సముద్రం ఉంది కదా.”

“నీకు అన్నిట్లోనూ మిగిలింది ఎంతో సూసుకోవడం అలవాటు. పోయిందాన్ని తలుసుకోవేటి?”

అతను బండి వెనక్కి తిప్పాడు. ఉద్దానం దారి పట్టాడు. తుఫాను తర్వాత నాటిన కొబ్బరి మొక్కలు గెలలు వేసే ఎత్తుకొచ్చాయి. కొత్త జీడితోటల్లో ఎర్రటి పళ్లు నేలంతా రాలి పులిసిన వాసన గాలినిండా ఉంది. యామిని కిటికీ అద్దం దించి, కళ్లు మూసుకుని ఆ వాసన పీల్చింది. నిన్న పరుపుకి వాసనని గోలపెట్టింది ఈ పిల్లేనా!

అప్పుడే దిగింది వేసవి వాన. ముందు నాలుగు చినుకులు, ఆనక ఒక్కసారిగా బిందె బోర్లించినట్టు. దారి కనబడక కామేశ్ ఓ చెట్టు పక్కన బండి ఆపాడు. రేకు పైకప్పు మీద వాన దడదడ మోగుతోంది. వెనక ఇద్దరు తల్లులూ కళ్లు మూసుకుని ఉన్నారు.

“ఒకటి అడుగుతాను,” అంది యామిని. వానకి గొంతు పెంచాల్సి వచ్చింది. “ఆ రోజు గుడి దగ్గర ఎందుకు ఊరుకున్నావు?”

“ఇప్పుడెందుకు అదంతా?”

“గోవా ఎల్లేముందు తేల్చుకుందామని. నేను తేల్చుకున్నదొకటుంది, తప్పో ఒప్పో సెప్పు. మా తోట పడిపోయింది. ఇల్లు కూలిపోయింది. ఈ సంబంధంలో ఇంక లాభం లేదనుకున్నావు. నేస్తరికం అడ్డమొచ్చింది, నీకు మంచి వంక దొరికింది. వ్యాపారస్తుడివి కదా.”

“ఏటీ?”

“వంక దొరికిందన్నాను!”

కామేశ్ స్టీరింగ్ వదిలి పూర్తిగా ఆమె వైపు తిరిగాడు. బేరాల్లో ఎంత మాటన్నా కోపం తెచ్చుకోని మనిషి. ఇప్పుడు చెవులు ఎర్రబడ్డాయి.

“మీ అమ్మ ఆ నాలుగు రోజులూ ఏటి తిందో నీకు గుర్తుందా? ఊరందరికీ వడ్డించేది. తన కంచం ముట్టేది కాదు. పడిపోయిన సెట్టు మొదలు మీద కూకుని అలా సూసేది. మనిషి దక్కదేమోనని నువ్వే కదా ఏడిసినావు?”

“అవును. అయితే?”

“మాయమ్మతో నేస్తం కట్టిన పూట, ‘మా నేస్తం పెట్టింది, కాదనకూడదు’ అని సేతిలో ముద్ద తీసుకుని తింది! నవ్వింది కూడా! నేను ఆ మెట్ల మీద నిలబడి సూసినాను!” వాన ఇంకా హోరెత్తుతోంది. అతను అరుస్తున్నాడు. “అప్పుడు నేను నోరు తెరిసి ఈ నేస్తరికం వద్దంటే ఆ ముద్ద ఏటవుతాది? ఎలా అనమంటావు? నాకు తోటొద్దు, ఇల్లొద్దు! అప్పుడూ నువ్వే కావాలి, ఇప్పుడూ…”

వాన ఆగిపోయింది. వేసవి వాన అంతే, కుళాయి కట్టేసినట్టు ఆగుతుంది. కామేశ్ గొంతుకి మాత్రం ఆ సంగతి తెలియలేదు.

“…నువ్వే కావాలి!”

ఆ కేక జీడితోటంతా వినబడింది. ఆకుల మీంచి చుక్కలు జారుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

వెనక మంచం కిర్రుమంది.

“ఓలమ్మో,” అంది దాలమ్మ. “ఇదేటి నేస్తం, నా కొడుకేటి ఇలగంతన్నాడు?”

కామేశ్ వెనక్కి తిరిగే ధైర్యం చేయలేదు. మంచం పట్టడానికి ముందు సీటు వెనక అడ్డురేకు పీకించేసింది తనే. ఆ పెట్టుబడి ఇంత త్వరగా ఇలా తిరిగొస్తుందని అనుకోలేదు.

“సచ్చినోడా! ఏడేళ్లు నా నోటితో సెల్లీ సెల్లీ అనిపించినావా? ఒక్క మాట సెప్తే నీ నోటి ముత్తేలు రాలిపోతాయేటి?” దాలమ్మ దిండు విసిరింది. అది యామినికి తగిలింది. “నీకు కాదే తల్లీ, ఆడికి!”

ఎర్రమ్మ చీర కొంగు సర్దుకుంది. ముందుకు వంగి కూతురి మొహం తన వైపు తిప్పుకుని చూసింది.

“నీకూ ఇష్టమేనా?”

యామిని తల ఊపింది. కళ్లజోడు తీసి తుడుచుకుంది. వాన లోపల పడలేదు మరి.

“నాను తిన్న ముద్దకి ఈ పిల్లలు ఏడేళ్లు పస్తులున్నారు నేస్తం,” అంది ఎర్రమ్మ నెమ్మదిగా. “బండి మన ఊరికి పోనీ బాబూ. గుడికాడ ఆపు.”

“ఏటి సేత్తావే?”

“విప్పేద్దాం.”

దాలమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. “నేస్తరికం విప్పుతారేటి ఎవరైనా? సచ్చేదాకా ఉండాల్సింది!”

“కట్టినప్పుడు అమ్మోరికి సెప్పే కట్టినాం. సెప్పే విప్పుతాం. నువ్వు నాకు అక్కవైతే ఈళ్లకి పెళ్లి లేదు. వదినవైతే ఉంది. నువ్వే సెప్పు, ఏటవుతావు?”

దాలమ్మ వక్కాకు సంచీ మూతి బిగించి కట్టింది. తర్వాత ముక్కు చీది, “బండి తియ్యరా,” అంది.

*

ఊరి బయట చిన్న గుడి. దారిలో కోసిన మందారాలు ఇద్దరూ చెరిసగం పట్టుకున్నారు. పోయిన ఏడేళ్లలో ఇచ్చిపుచ్చుకున్న చీరలూ సారెలూ తాంబూలాలూ అన్నీ అమ్మవారికి అప్పజెప్పి, ఒకరి పూలు ఒకరికి తిరిగి ఇచ్చుకున్నారు. ఇద్దరికీ ఏడుపొచ్చింది. దూరం నుంచి చూస్తున్న కామేశ్‌కి చూపు తిప్పుకోవాలనిపించింది. తను ఆ పూట కాపాడిన నవ్వుని ఇవాళ వాళ్లే తన కోసం ఖర్చు పెడుతున్నారు.

“ఆఫీసుకి ఫోన్ చెయ్యాలి,” అంది పక్కనే నిలబడ్డ యామిని. “రూటు తేలిందని సెప్పేస్తాను. గోవా సంగతి అడుగుతారు. ఏటి సెప్పను?”

బేరంలో మొదటి మాట అవతలివాళ్ల చేత అనిపించడమే కామేశ్ విద్య. ముందు నోరు జారినవాడు నష్టపోతాడు. ఇరవయ్యో ఏట నుంచి ఆ విద్యతోనే బతుకుతున్నాడు.

“ఎల్లకు,” అన్నాడు, ఆమె వాక్యం పూర్తి కాకముందే.

యామిని ఫోన్ జేబులో పెట్టేసుకుంది. జేబులోంచి తీసిన చెయ్యి అతని చేతిలో పెట్టింది.

గుడి మెట్ల మీంచి గొంతులు వినబడ్డాయి.

“పెళ్లి మా ఊళ్లోనే. మగపిల్లోడి తల్లిని, నా మాట సెల్లాలి,” అంటోంది దాలమ్మ.

“ఏ ఊళ్లో అయినా పిల్లింటికాడే సేత్తారు వదినా. మీ పలాసలో జీడి పొగకి పందిరి నల్లబడిపోతాది.”

“ఓసోసి! నిన్నటి దాకా ఆ పొగలోకే వచ్చి వారం వారం ఉండేదానివి కాదేటే?”

“అప్పుడు నేస్తాన్ని. ఇప్పుడు పిల్ల తల్లిని!”

ఏడేళ్లలో ఒక్కసారీ మాట తూలని ఇద్దరూ నడుం మీద చేతులేసుకుని ఎదురెదురుగా నిలబడ్డారు. కళ్లింకా తడిగానే ఉన్నాయి. గొంతులు మాత్రం ఒకరినొకరు మించిపోతున్నాయి.

కామేశ్ సర్దిచెప్పడానికి అడుగు వేయబోయాడు. యామిని చొక్కా పట్టుకుని ఆపింది.

“మధ్యలో దూరకు. అది వాళ్ల బేరం.”

అతను బండికి ఆనుకుని నిలబడ్డాడు. ఎవరు నెగ్గినా తనకి లాభమే వచ్చే బేరం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి చూస్తున్నాడు.